గేర్‌బాక్సు మారితే క్రాస్‌మెంబరూ మారాలి

లారీలో ఇంజన్‌కూ వెనక ఇరుసుకూ నడుమ ఉండే గేర్‌బాక్సును ముందువైపు ఇంజనే పట్టుకుని ఉంటుంది. వెనకవైపు, అంటే తోక దగ్గర, చాసీకి అడ్డంగా బిగించిన ఉక్కు దూలం ఒకటి దాని బరువు మోస్తుంది. మెకానిక్కులు క్రాస్‌మెంబరు అనేది దీన్నే. పెద్ద లారీల్లో కొన్నింటికి బరువంతా ఫ్లైవీల్ హౌసింగు పక్కనున్న మౌంటింగుల మీదే పడుతుంది గానీ, పికప్పుల్లో, జీపుల్లో, చాలా చిన్న లారీల్లో తోకకు ఈ దూలం తప్పనిసరి. కంపెనీ ఏ గేర్‌బాక్సు పెట్టిందో దాని పొడవు, ఎత్తు, మౌంటింగు బోల్టుల చోటు చూసుకుని ఈ దూలాన్ని చేస్తుంది. పాతది తీసేసి వేరే మోడల్ గేర్‌బాక్సు ఎక్కిస్తే దాని తోక పాత దూలం మీదికి రాదు. నాలుగంగుళాలు ముందో వెనకో, రెండు వేళ్లు పైనో కిందో ఆగిపోతుంది. అప్పుడు ఆ ఒక్క బండి కోసమే కొత్త క్రాస్‌మెంబరు చేయించాలి. గేర్‌బాక్సు మార్పిడి అనగానే అందరి చూపూ పళ్ల చక్రాల మీద, గేర్ల సంఖ్య మీద పడుతుంది. మార్చిన గేర్‌బాక్సు ఏడాది తర్వాత కూడా నిలబడి ఉంటుందా, పగులుతుందా అన్నది మాత్రం చాలావరకు ఈ అడ్డదూలమే తేలుస్తుంది.

తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో బండ్ల మీద పడే భారం చూస్తే ఈ విషయానికి ఎందుకంత ప్రాధాన్యమో తెలుస్తుంది. కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,700 కిలోమీటర్లు సాగే ఈ దారిలో ఇక్కడి ముక్కను 2010కి ముందు 7వ నంబరు అనేవారు. ఎల్లారెడ్డికి మెదక్ వైపు నుంచి 765డి జాతీయ రహదారి వస్తుంది. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో వడ్లు, మక్కలు, చెరుకు, బెల్లం పెద్ద సరుకు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింది పొలాల చెరుకు ఫ్యాక్టరీకి చేరాలన్నా, కల్లంలోని వడ్లు మిల్లుకు చేరాలన్నా బండి రెండు రకాల దారుల్లో నడవాలి. పొలం గట్టు పక్కన, ట్రాక్టర్ల చక్రాలకు గాళ్లు పడిన మట్టి బాటలో మొదటి గేరులో పాకాలి. రోడ్డెక్కాక గంటకు అరవై డెబ్బై కిలోమీటర్ల వేగంతో పోవాలి. మొదటి దారి గేర్‌బాక్సు మౌంటింగును మెలితిప్పుతుంది, రెండోది అదురుతో అరగదీస్తుంది. షెడ్డులో చేయించిన క్రాస్‌మెంబరు ఈ రెండు పరీక్షలూ తట్టుకోవాలి.

గేర్‌బాక్సు మార్చాలన్న ఆలోచన ఊరికే రాదు. 1980ల మధ్యలో జపాన్ కంపెనీల సాయంతో దేశంలో నాలుగు చోట్ల తేలికపాటి లారీలు తయారయ్యాయి. టయోటాతో డీసీఎం, మజ్దాతో స్వరాజ్, మిత్సుబిషితో ఐషర్, నిస్సాన్‌తో హైదరాబాద్ ఆల్విన్ చేతులు కలిపాయి. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లోనే ఉండేది, తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది. వీటికి పోటీగా టాటా కంపెనీ 1986లో 407ను తెచ్చింది. ఆ పోటీలో నిలిచిన బండ్లకు నేటికీ ఏ చిన్న టౌనులోనైనా సామాను దొరుకుతుంది. తయారీ ఆగిపోయిన వాటికి దొరకదు. తెలంగాణలో ఆ సైజు బండి ఏ కంపెనీదైనా ఇప్పటికీ డీసీఎం అనే పిలుస్తారు గానీ, అసలు డీసీఎం టయోటా బండికి ఒక సింక్రో రింగు కావాలంటే వెతికి వెతికి వేసారాల్సిందే. ఇంజన్ బాగుంది, చాసీ గట్టిగా ఉంది, ఒక్క గేర్‌బాక్సు వల్ల బండి మూలన పడింది. అలాంటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లోనో విప్పిన బండ్ల సామాను అమ్మే దుకాణంలో సులువుగా సామాను దొరికే మోడల్ గేర్‌బాక్సు కొనడం తెలివైన పనే. నాలుగు గేర్ల పాత జీపుకు అయిదు గేర్లది ఎక్కించాలనుకునేవారూ ఉన్నారు. కారణం ఏదైనా, పని పద్ధతి ఒక్కటే.

పానా పట్టుకోక ముందే చట్టం సంగతి తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఆర్సీలో ఇంజన్ నంబరు, చాసీ నంబరు ఉంటాయి, గేర్‌బాక్సుకు వేరే గడి ఉండదు. అలాగని ఎవరూ చూడరులే అనుకోవడం పొరపాటు. అదే మోడల్ గేర్‌బాక్సును మళ్లీ బిగించడం మరమ్మతు కిందికి వస్తుంది. వేరే రకం ఎక్కించడం, చాసీకి కొత్త దూలం బిగించడం మార్పు కిందికి రావచ్చు. రవాణా బండ్లకు మొదటి ఎనిమిదేళ్లూ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. కాబట్టి ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, కాగితం మీద జవాబు తీసుకోవడం మేలు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ వేసే మొదటి ప్రశ్నల్లో ఇదీ ఉంటుంది.

చట్టం సంగతి తేలాక, ముందుగా కొత్త గేర్‌బాక్సు ఇంజన్‌తో కలవాలి. ఇన్‌పుట్ షాఫ్టు మీది గాళ్ల సంఖ్య, వ్యాసం క్లచ్ ప్లేటు బొడ్డుతో సరిపోవాలి. సరిపోకపోతే ఇంజన్‌కు తగిన సైజు ప్లేటులో, గేర్‌బాక్సుకు తగిన బొడ్డు వేయించుకోవాలి. షాఫ్టు మొన ఫ్లైవీల్ నడుమనున్న స్పిగాట్ బేరింగులో నిండుగా కూర్చోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బోల్టు రంధ్రాలు కలవక మధ్యలో 12 మిల్లీమీటర్ల అడాప్టర్ ప్లేటు పెడితే, షాఫ్టు మొన కూడా అదే 12 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. మొన బేరింగు అంచుకే ఆనుతుంటే కొన్నాళ్లకు బేరింగు పొడిపొడి అవుతుంది, గేర్లు కరకరమంటాయి. క్లచ్ రిలీజ్ బేరింగు ప్రయాణం కూడా అంతే మేరకు మారుతుంది.

అంతకంటే సున్నితమైనది బెల్ హౌసింగు కేంద్రం. ఇంజన్ క్రాంకు అక్షం, గేర్‌బాక్సు ఇన్‌పుట్ అక్షం ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజి బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పుతూ హౌసింగు లోపలి అంచు వెంట ముల్లు కదలిక చూడాలి. తేడా మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే పదింట రెండు వంతులు ఉండొచ్చు. అంతకు మించితే డోవెల్ పిన్నులు సరిచేయాలి. కంటికి కనిపించని ఈ తేడాను తర్వాత ఎంత మంచి క్రాస్‌మెంబరూ సరిదిద్దలేదు. అసలు కొత్త దూలం మీద పడే నిందల్లో సగం నిజానికి ఇక్కడి తప్పులే.

గేర్‌బాక్సు ఇంజన్‌కు కలిశాక దాని తోకను ఎక్కడ నిలపాలన్న ప్రశ్న వస్తుంది. ఈ పని మొత్తానికీ ప్రాణం ఈ దశే. ముందు దూలం చేసి, దాని మీదికి గేర్‌బాక్సును సర్దడం తలకిందుల పని. గేర్‌బాక్సు తన సరైన చోట జాకీ మీద నిలబడి ఉండగా, మిగిలిన ఖాళీని కొలిచి ఆ ఖాళీకి తగ్గ దూలం చేయాలి. ఆ సరైన చోటును నిర్ణయించేవి మూడు. పైన క్యాబిన్ నేలకూ గేర్‌బాక్సుకూ మధ్య కనీసం రెండు వేళ్ల ఖాళీ ఉండాలి, ఎందుకంటే ఇంజన్ స్టార్టయ్యేటప్పుడు, ఆగేటప్పుడు మొత్తం ఊగుతుంది. కింద సైలెన్సర్ పైపు, బ్రేకు పైపులు తగలకూడదు, నేలకు ఎత్తు తగ్గకూడదు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం.

గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు తిరుగుడును తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. ఈ జాయింటు వంగి తిరిగేటప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికి పోయే వేగం నిలకడగా ఉండదు. ఒక చుట్టులో రెండుసార్లు హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు వెయ్యికి ఒకటిన్నర పాలు లోపే. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర పాలు. వినడానికి చిన్నదే గానీ, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చిన్న లారీ ప్రొపెల్లర్ షాఫ్టు నిమిషానికి రెండున్నర వేల చుట్లకు పైగా తిరుగుతుంది. అంటే నిమిషానికి అయిదు వేలకు పైగా కుదుపులు. సెంటర్ బేరింగు, గేర్‌బాక్సు తోక సీలు, చివరికి కొత్త క్రాస్‌మెంబరు వెల్డింగు వీటికే బలవుతాయి.

దీనికి విరుగుడు జాయింటులోనే ఉంది. వెనక జాయింటు కూడా అంతే కోణంలో వంగి ఉంటే, మొదటిది తెచ్చిన హెచ్చుతగ్గును రెండోది కొట్టేస్తుంది. అందుకే గేర్‌బాక్సు వెనక ఫ్లాంజి మూడు డిగ్రీలు కిందికి వాలితే డిఫరెన్షియల్ ముందు ఫ్లాంజి మూడు డిగ్రీలు పైకి చూడాలి. గేర్‌బాక్సు తోక షాఫ్టూ, డిఫరెన్షియల్ ముందు షాఫ్టూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలన్నమాట. రెండు కోణాల మధ్య తేడా ఒక డిగ్రీ దాటకుండా, ఒక్కో జాయింటు కోణం మూడు డిగ్రీల చుట్టూ ఉండేలా చూడాలి. కోణం అసలే లేకుండా తిన్నగా కూడా ఉంచకూడదు. జాయింటులోని సూది బేరింగులు కొద్దిగానైనా కదలకపోతే ఒకే చోట నొక్కుకుని గుంటలు పడతాయి. అర డిగ్రీ, ఒక డిగ్రీ వంపు వాటికి మంచిదే.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. డిగ్రీలు చూపే రసమట్టం చాలు. ఎక్కడ, ఎలా కొలిచారన్నదే ముఖ్యం. బండి చదునైన నేల మీద తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. చాసీకి స్టాండ్లు పెట్టి ఇరుసును గాలిలో వేలాడదీసి కొలిస్తే ఆ అంకె అబద్ధం. చెరుకు బండి పొలానికి ఖాళీగా పోతుంది, నిండుగా తిరిగొస్తుంది. ఖాళీ బండికి కమాన్ పట్టీలు ఉబ్బి ఇరుసు కిందికి పోతుంది, నిండు బండికి అవి చదునై ఇరుసు పైకొస్తుంది. ఈ రెంటి మధ్య కోణం కొన్ని డిగ్రీలు మారుతుంది. అందుకని సగం బరువు వేసి కొలవడం, లేదా ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కొలిచి బండి ఎక్కువగా నడిచే స్థితికి దగ్గరగా తోకను నిలపడం సరైన పద్ధతి. జీపులకు, పికప్పులకు పైనుంచి చూసినప్పుడు ఇంజన్ ఒక పక్కకు జరిగి ఉండటం కూడా మామూలే. పాత గేర్‌బాక్సు ఎంత పక్కకు ఉండేదో విప్పక ముందే తూకపు గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ఒకసారి విప్పాక ఆ ఆనవాలు మళ్లీ దొరకదు.

ఇక దూలం ఎంత బలంగా ఉండాలి? జవాబు చాలామంది అనుకున్నట్టు ఉండదు. పికప్పు గేర్‌బాక్సు బరువు 40 నుంచి 60 కిలోలు, మధ్యరకం లారీది వంద దాటుతుంది. ఇందులో కొంత ఇంజన్ మోస్తుంది. తోక మీద నిలకడగా పడేది 50 కిలోలనుకుందాం. గుంతలో పడ్డప్పుడు అది నాలుగు రెట్లయి 200 కిలోలు అవుతుందనుకుందాం. చాసీ రెండు పట్టీల మధ్య దూరం 80 సెంటీమీటర్లు, దూలం 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, దాని మందం 4 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ఆ గొట్టంలో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్ల లోపే. మామూలు నిర్మాణపు ఉక్కు 250 దాకా వంకర పోకుండా తట్టుకుంటుంది. నడుమ వంగేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే గొట్టం విరగదు. మరి షెడ్డులో చేయించిన క్రాస్‌మెంబర్లు ఎందుకు విరుగుతున్నాయి? విరిగేది గొట్టం కాదు, దాని చివర చాసీతో కలిసే కీలు. మందమైన గొట్టం వాడామన్న ధీమాతో చివరి పలకను, వెల్డింగును, బోల్టును తేలిగ్గా తీసుకోవడం వల్లే నష్టం జరుగుతుంది.

బరువుతో పాటు మెలి కూడా ఉంది. 200 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే ఇంజన్‌కు మొదటి గేరు నిష్పత్తి 6 అయితే, గేర్‌బాక్సు వెనక నుంచి 1,200 న్యూటన్ మీటర్లు బయటికొస్తుంది. దానికి సమానమైన ఎదురు మెలి ఇంజన్, గేర్‌బాక్సు కలిసిన మొత్తం మీద పడుతుంది. దాన్ని మౌంటింగులే ఆపాలి. ఇంజన్ ఇరుపక్కల మౌంటింగుల మధ్య దూరం 60 సెంటీమీటర్లయితే ఒక్కోదాని మీద సుమారు 200 కిలోల బరువుతో సమానమైన బలం, ఒకటి పైకి, ఒకటి కిందికి. బురదలో కూరుకున్న చెరుకు బండిని క్లచ్ ఒక్కసారిగా వదిలి లాగితే ఇంకా ఎక్కువ. ఈ మెలిలో ఎక్కువ భాగం ముందు మౌంటింగులకే వదిలేయాలి. తోక మౌంటింగు గేర్‌బాక్సు నడిమి గీత మీద ఒక్కటే ఉంటే, అది బరువు మోస్తూ కొంచెం ఊగనిస్తుంది. గట్టిగా ఉంటుందని తోకకు రెండు పక్కలా రెండు బిగుసైన మౌంటింగులు పెడితే, మట్టి బాటలో మెలితిరిగే చాసీ నేరుగా గేర్‌బాక్సును మెలితిప్పుతుంది. గేర్‌బాక్సు డొల్ల అల్యూమినియంది అయితే తోక చెవి దగ్గర మొదటి పగులు కనిపిస్తుంది.

చాసీ పట్టీలు ఆంగ్ల సీ అక్షరం ఆకారంలో వంచిన ఉక్కు. నిలువు గోడ, పైనా కిందా అంచులు ఉంటాయి. బండి బరువంతటికీ ఎక్కువ సాగుడు, నొక్కుడు పడేది ఆ అంచుల్లోనే. అందువల్ల అంచులకు రంధ్రం వేయకూడదు, వాటి మీద వెల్డింగు కూడదు. రంధ్రాలు నిలువు గోడలోనే, అంచు మలుపుకు దూరంగా ఉండాలి. కంపెనీ వేసిన పాత రంధ్రాలు వాడుకోగలిగితే మరీ మంచిది. గ్యాస్ కట్టరుతో రంధ్రం కాల్చడం చాసీకి చేసే ద్రోహమే. వేడికి ఉక్కు గుణం మారుతుంది, రంధ్రం అంచు గరుకుగా మిగిలి అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. డ్రిల్లుతో వేసి, రేమరుతో నునుపు చేయాలి.

మంచి నిర్మాణంలో చాసీ గోడకు ఆనే 6 మిల్లీమీటర్ల చివరి పలకలు రెండు ఉంటాయి. ఒక్కోదానికి నాలుగు 12 మిల్లీమీటర్ల బోల్టులు, తల మీద 8.8 అని ముద్ర ఉన్నవి. బోల్టు మేకులా అడ్డుపడి పట్టుకుంటుందనుకోవడం సరికాదు. అది రెండు పలకలనూ నొక్కిపట్టి, వాటి మధ్య రాపిడితో పట్టుకుంటుంది. ఈ సైజు బోల్టును 80 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే దాదాపు నాలుగు టన్నుల నొక్కుడు వస్తుంది. ఆ నొక్కుడు నిలవాలంటే పలకల మధ్య దట్టమైన రంగు, గ్రీజు, తుప్పు ఉండకూడదు. రంగు పొర క్రమంగా నలిగిపోతే బోల్టు వదులై, రంధ్రంలో కదలడం మొదలెడుతుంది. ఆపైన విరగడానికి ఎంతో కాలం పట్టదు.

దూలాన్ని బండి కిందే పూర్తిగా వెల్డింగు చేయకూడదు. ముందు అట్టముక్క కత్తిరించి ఖాళీకి సరిపోయే ఆకారం తీయాలి. చివరి పలకలను చాసీకి బోల్టులతో బిగించి, గొట్టాన్ని వాటి మధ్య పెట్టి, అక్కడక్కడా చుక్కలు వేయాలి. ఆ చుక్కలు వేసేటప్పుడు బ్యాటరీ తీగలు తీసేయడం, ఎర్తు క్లాంపును దూలానికే పెట్టడం మరవకూడదు. లేదంటే కరెంటు గేర్‌బాక్సు బేరింగుల గుండా, కొత్త బండ్లలో కంప్యూటర్ గుండా దారి వెతుక్కుంటుంది. తర్వాత దూలాన్ని విప్పి బయట బల్ల మీద, ఎదురెదురు మూలలు మారుస్తూ నిండు వెల్డింగు చేయాలి. ఒకే పక్క నుంచి చేసుకుంటూ పోతే పలక గుంజుకుని చాసీకి ఆనదు. వెల్డింగు రాడ్డు తడి లేనిది కావాలి. వానాకాలంలో షెడ్డు గోడకు ఆనించి ఉంచిన రాడ్ల కట్ట ఈ పనికి పనికిరాదు. గొట్టం చివర్లలో త్రికోణపు ఆసరా ముక్కలు వేయాలి. అవి పలక అంచు దాకా పోకుండా కొంచెం ముందే ఆగాలి.

దూలం ఎప్పుడైనా విప్పదీసేలా ఉండాలి. క్లచ్ ప్లేటు మార్చాల్సిన ప్రతిసారీ గేర్‌బాక్సు దిగాల్సిందే కాబట్టి, బోల్టులు తీయగానే దూలం కిందికి రావాలి. సైలెన్సర్ పైపు దూలం లోపలి నుంచి పోయేలా చేస్తే ప్రతిసారీ పైపు కోయాల్సి వస్తుంది. కింద నుంచి పోతే రాయికి తగులుతుంది. పైపు పోయే చోట దూలాన్ని విల్లులా పైకి వంచడం మధ్యేమార్గం.

దూలానికీ గేర్‌బాక్సుకూ మధ్య రబ్బరు మౌంటింగు తప్పనిసరి. ఇనుముకు ఇనుము నేరుగా బిగిస్తే క్యాబిన్ అంతా మోత, ఆ వెంటనే పగుళ్లు. మరీ మెత్తని రబ్బరు వేస్తే తోక ఎగిరిపడి గేరు జారిపోతుంది. కొత్త గేర్‌బాక్సు కంపెనీ మౌంటింగే వాడి, దానికి తగ్గట్టు దూలం మీద పీట చేయడం ఉత్తమం. డీజిల్, గేరాయిల్ తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి కారే సీలును ముందే మార్చాలి. సైలెన్సర్ వేడి తగలకుండా ఒక రేకు అడ్డం పెట్టాలి. పీట మీది రంధ్రాలను ముందు వెనకకు కొంచెం పొడవుగా చేస్తే సర్దుబాటుకు వీలుంటుంది. వాటికి మందమైన పలక వాషర్లు వేయాలి.

ఇప్పుడు గేర్‌బాక్సు బరువు జాకీ నుంచి దూలం మీదికి మారుతుంది. పని నాణ్యత తేలేది ఇక్కడే. జాకీని మెల్లగా దింపుతుంటే మౌంటింగు బోల్టు చేతి వేళ్లతోనే రంధ్రంలోకి జారాలి. గడ్డపార పెట్టి తోకను పక్కకు తోస్తే గానీ బోల్టు పోకపోతే కొలత తప్పిందనే అర్థం. అలా బలవంతంగా బిగించిన గేర్‌బాక్సు రాత్రింబవళ్లు, బండి ఆగి ఉన్నా సరే, తన హౌసింగును తానే వంచుకుంటూ ఉంటుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే, పీటను కోసి మళ్లీ సరిగ్గా అతకడం. ఒక పూట ఆలస్యమైనా ఇది చేసి తీరాలి. బోల్టులన్నీ వదులుగా ఉండగానే ఇంజన్ స్టార్టు చేసి, ఊగి తన చోట సర్దుకున్నాక, ముందు ఇంజన్ మౌంటింగులు, తర్వాత తోక, చివరగా చాసీ బోల్టులు బిగించే పద్ధతి మంచిది.

గేర్‌బాక్సు పొడవు మారింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు పొడవూ మారాలి. రెండు ముక్కల షాఫ్టు ఉన్న లారీలో ముందు ముక్క ఒక్కటే మారిస్తే సరిపోవచ్చు. గొట్టాన్ని లేత్ మీద కోసి, అక్షం తప్పకుండా అతికి, బ్యాలెన్సింగు చేయించాలి. రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండాలి. ఒక గాడి తప్పి ఎక్కించినా, అంత జాగ్రత్తగా కొలిచిన కోణాలన్నీ వృథా అవుతాయి, ఎందుకంటే రెండు జాయింట్ల హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేయవు. స్లిప్ జాయింటు లోపలికీ బయటికీ అంగుళం చొప్పున జరిగే వీలుండాలి. ఖాళీ బండిలో సరిపోయిన షాఫ్టు, నిండు బండి గుంతలో పడ్డప్పుడు పొట్టిదై ఊడినా, పొడుగై గేర్‌బాక్సును లోపలికి పొడిచినా ప్రమాదమే.

స్పీడోమీటరు గేరు మారితే మీటరు చూపే వేగం తప్పవుతుంది. రవాణా బండ్లకు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని ఆపే పరికరం ఉంటుంది. గేర్‌బాక్సు నుంచే దానికి వేగం సంకేతం పోతుంటే దాన్నీ తిరిగి సరిచేయించాలి. గేరాయిల్ రకం కొత్త గేర్‌బాక్సు చెప్పినదే పోయాలి, పాత డబ్బాలో మిగిలింది కాదు. గేర్‌బాక్సు గాలిగొట్టాన్ని పైకి, క్యాబిన్ నేల ఎత్తుకు తీసుకెళ్లాలి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానలకు 44వ నంబరు రహదారి మీదే రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి నీళ్లలో దిగిన వేడి గేర్‌బాక్సు చల్లబడుతూ గాలిగొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. మర్నాడు నూనె మజ్జిగలా తెల్లబడి కనిపిస్తుంది.

మొదటి పరుగు ఖాళీ బండితో, హైవే మీద. వేగం పెంచుతూ పోతే ఒక వేగం దగ్గర మొదలై ఆపై తగ్గని అదురు వస్తే క్లచ్ నొక్కి చూడాలి. ఇంజన్ వేగం తగ్గినా అదురు పోకపోతే తప్పు షాఫ్టులోనో కోణంలోనో ఉంది. ఇంజన్ వేగంతో పాటే పోతే క్లచ్, ఫ్లైవీల్, మౌంటింగులు చూడాలి. బండి కదిలేటప్పుడు మాత్రమే వణికితే ముందు జాయింటు కోణం బరువుకు ఎంత మారుతోందో మళ్లీ కొలవాలి. ఆ తర్వాత నిండు బరువుతో ఒకసారి, మట్టి బాటలో ఒకసారి నడపాలి. అయిదు వందల కిలోమీటర్ల దగ్గర బోల్టులన్నీ మళ్లీ బిగించి, వాటి తలల మీదుగా చాసీ దాకా పెయింటుతో ఒక్కో గీత గీయాలి. గీత విరిగినట్టు కనిపిస్తే బోల్టు తిరిగినట్టే. వెల్డింగు చివర్లను తుడిచి, ఎర్రని తుప్పు సన్నగీతలా దిగిందేమో చూడాలి. పగులు కంటికి ఆనకముందు ఆ తుప్పు గీతే కనిపిస్తుంది. చెరుకు సీజను మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి ఈ పరిశీలన చేయించాలి.